గుండె పురుగు వ్యాధి నుండి కుక్కలు, పిల్లుల రక్షణ: మందుకు ముందు రక్త పరీక్ష

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ వంటి ప్రాంతాలలో వరి మడులు, చెరువులు, ఊరి మురుగు కాలువలు దోమల ఉత్పత్తికి అనుకూలమైనవి. మనుషులకు బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమతో పాటు ఏడిస్, అనాఫిలిస్ దోమలు కూడా గుండె పురుగును (డైరోఫైలేరియా ఇమ్మైటిస్) ఒక కుక్క నుండి మరొక కుక్కకు చేరవేయగలవు. అయితే మన దేశంలో ఈ పురుగు ప్రధానంగా ఈశాన్య రాష్ట్రాల నుండి నమోదయింది. దక్షిణాదిన కుక్కల చర్మం కింద నివసించే డైరోఫైలేరియా రెపెన్స్ ఎక్కువగా కనిపిస్తుంది. అందువల్ల రక్తపు చుక్కలో మైక్రోఫైలేరియాలు కదలాడినంత మాత్రాన గుండె పురుగు వ్యాధి అని నిర్ధారించరాదు.

దోమ శరీరంలో మైక్రోఫైలేరియాలు సుమారు 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 10 నుండి 14 రోజులలో వ్యాధి కలిగించే మూడవ దశ లార్వాలుగా ఎదుగుతాయి. 14 డిగ్రీల లోపు ఈ ఎదుగుదల ఆగిపోతుంది. పగలు కూడా అంత చలి నిలవని ఈ ప్రాంతంలో నివారణ ఏడాది పొడవునా అవసరమే. కుక్కలో చేరిన లార్వా రెండు మూడు నెలలకు ఊపిరితిత్తుల ధమనులను చేరి, ఆరేడు నెలలకు ప్రౌఢ దశకు వస్తుంది. ఆడ పురుగు 25 నుండి 30 సెం.మీ. పొడవు పెరిగి 5 నుండి 7 ఏళ్లు జీవిస్తుంది. దగ్గు, త్వరగా అలసిపోవడం, ముదిరిన దశలో పొట్టలో నీరు చేరడం ముఖ్య లక్షణాలు.

నెలకొకసారి ఇచ్చే ఐవర్‌మెక్టిన్, మిల్బెమైసిన్, సెలమెక్టిన్ వంటి మందులు గత నెలలో ప్రవేశించిన లేత లార్వాలను చంపుతాయే గాని ప్రౌఢ పురుగులను నిర్మూలించే చికిత్స కావు. పిల్లలకు 8 వారాల వయస్సు నుండే వీటిని ప్రారంభించవచ్చు. ఏడు నెలలు దాటిన కుక్కకు ముందుగా యాంటీజెన్ పరీక్ష, మైక్రోఫైలేరియా పరీక్ష తప్పనిసరి. యాంటీజెన్ పరీక్ష ప్రౌఢ ఆడ పురుగులనే గుర్తిస్తుంది కనుక ఆరు నెలల తరువాత మళ్ళీ చేయాలి.

పల్లెలలో అసలు ప్రమాదం గొర్రెలకు, పశువులకు తెచ్చిన 1 శాతం ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను కుక్కకూ వేయడంలో ఉంది. కుక్కకు నివారణ మోతాదు కిలోకు 6 మైక్రోగ్రాములు. పది కిలోల కుక్కకు ఇది 0.006 మి.లీ. మాత్రమే, ఏ సిరంజితోనూ కొలవలేము. పశువుల లెక్కన 0.2 మి.లీ. వేస్తే 33 రెట్లు అధికమవుతుంది. కోలీ వంటి జాతులకు ఇది ప్రాణాంతకం కావచ్చు. మైక్రోఫైలేరియాలు అధికంగా ఉన్న ఏ కుక్కలోనైనా అవి ఒక్కసారిగా చనిపోయి షాక్ కలగవచ్చు. బోదకాలు నివారణకు ఇళ్ళలో పంచే డి.ఇ.సి. మాత్రలకూ ఇదే హెచ్చరిక, మరింత గట్టిగా, వర్తిస్తుంది.

జాతి నిర్ధారణకు 1 మి.లీ. రక్తాన్ని 9 మి.లీ. 2 శాతం ఫార్మలిన్‌తో కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున చేరిన పదార్థాన్ని మిథిలీన్ బ్లూతో పరిశీలించాలి. సందేహముంటే యాసిడ్ ఫాస్ఫటేజ్ వర్ణనం తోడ్పడుతుంది: ఇమ్మైటిస్‌లో రెండు ఎర్రని మచ్చలు, రెపెన్స్‌లో ఒకటే కనిపిస్తాయి. మామునూరు పశువైద్య కళాశాల విద్యార్థులకు ఇది చక్కని క్షేత్ర అధ్యయనాంశం.

పిల్లి విషయం వేరు. దానిలో సాధారణంగా ఒకటి నుండి మూడు పురుగులే ఉంటాయి. రక్తంలో మైక్రోఫైలేరియాలు అరుదు. యాంటీజెన్ పరీక్ష తరచుగా విఫలమవుతుంది. లేత పురుగులు ఊపిరితిత్తులను చేరినప్పుడు వచ్చే ఆయాసాన్ని ఆస్తమాగా పొరబడతారు. కుక్కలలో ప్రౌఢ పురుగులను చంపే మెలార్సమిన్ పిల్లికి సురక్షితం కాదు. కనుక పిల్లికి నివారణ ఒక్కటే మార్గం: సెలమెక్టిన్ ద్రావణాన్ని నెలకొకసారి మెడ వెనుక చర్మంపై, అది నాకలేని చోట వేయాలి.