డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది: పాత లారీలో ఎయిర్ లీక్ పట్టుకోవడం ఎలా?

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడినదాన్ని చదువుకోవడానికి వీలుగా కొద్దిగా సరిచేసి ఇస్తున్నాం.)

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంటి బండి గురించి.

మా నాన్న లారీ డ్రైవరు. సొంత బండి. 2004 మోడల్, ఆరు టైర్లు, ఆరు సిలిండర్ల ఇంజన్, పాత మెకానికల్ పంపు. సెన్సర్లు, కంప్యూటర్లు ఏమీ లేవు. నా బీటెక్ ఫీజులు కట్టింది ఆ బండే. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టినప్పుడు ఇల్లు నడిచింది కూడా ఆ బండి మీదే.

పోయిన సంవత్సరం దానికి ఒక జబ్బు పట్టుకుంది. పొద్దున్నే స్టార్ట్ అవదు. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది కానీ అందుకోదు. నాన్న కిందికి దిగి, హ్యాండ్ ప్రైమర్ ముప్పై నలభై సార్లు కొడితే అప్పుడు అందుకునేది. ఒక్కసారి స్టార్ట్ అయ్యాక రోజంతా బాగానే ఉండేది. రెండు నెలలు అలాగే నెట్టుకొచ్చారు.

తర్వాత ఒక రాత్రి నంద్యాల నుంచి బియ్యం లోడుతో మార్కాపురం వస్తుంటే, గిద్దలూరు ఇవతల నల్లమల ఘాట్‌లో, ఎక్కుడు మీద బండి ఆగిపోయింది. వెనక్కి దొర్లకుండా టైర్ల కింద రాళ్ళు పెట్టి, ఫోన్ లైటు వెలుగులో గంటన్నర సేపు ఎయిర్ తీశారట. ఆయన వయసు యాభై ఎనిమిది. మర్నాడు ఫోన్ చేసి ఒకటే మాట అన్నారు: "ఒరేయ్, ఇంక ఈ బండి అమ్మేద్దామా?"

షెడ్డులో చూపిస్తే పంపు అరిగిపోయింది, దింపి కాలిబ్రేషన్ చేయించాలి, ముప్పై వేల దాకా అవుతుంది అన్నారు. చివరికి తేలింది ఏంటంటే, పంపుకి ఏమీ కాలేదు. చెడింది రెండు వేలు కూడా కాని ఒక పైపు. దాన్ని ఎలా పట్టుకున్నామో, మధ్యలో నేను ఏం తప్పు చేశానో చెప్తాను. మీ ఇంట్లో పాత లారీ ఉన్నా, ట్రాక్టర్ ఉన్నా, పాత డీజిల్ జీపు ఉన్నా పనికొస్తుంది.

గాలి పడితే ఇంజన్ ఎందుకు ఆగుతుంది?

ముందు డీజిల్ నడిచే దారి చూద్దాం. ట్యాంకులోంచి పైపు, చాసిస్ పొడుగునా వచ్చి ప్రీ ఫిల్టర్, తర్వాత ఫీడ్ పంపు, ఆ తర్వాత రెండు పెద్ద ఫిల్టర్లు, అక్కడి నుంచి మెయిన్ పంపు, చివర నాజిల్స్. చాలా బండ్లలో ఉండేది ఇదే వరస. మెయిన్ పంపుని షెడ్లలో ఇప్పటికీ మైకో పంపు అంటారు. ఆ కంపెనీ పేరు 2008లోనే బాష్‌గా మారింది, అయినా మన నోట్లోంచి మైకో పోలేదు.

నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 200 బార్ ప్రెజర్ కావాలి. పంపులో ప్లంజర్ ఒక్కసారి పైకి కదిలినప్పుడు తోసే డీజిల్ ఎంతో తెలుసా? ఇలాంటి ఇంజన్‌లో ఫుల్ లోడు మీద కూడా సుమారు 50 ఘన మిల్లీమీటర్లు, అంటే ఒక్క చుక్క. 1500 ఆర్పీఎమ్ దగ్గర ఆరు సిలిండర్లకి కలిపి సెకనుకి 75 చుక్కలు వెళ్తుంటాయి.

డీజిల్‌ని నొక్కితే దాదాపు నలగదు. అందుకే ప్రెజర్ వెంటనే నాజిల్‌కి అందుతుంది. గాలి అలా కాదు, నొక్కితే నలుగుతుంది. చుక్క డీజిల్ ఉండాల్సిన చోట బుడగ ఉందనుకోండి, ప్లంజర్ కదలికంతా ఆ బుడగని నలపడానికే సరిపోతుంది. నాజిల్ తెరుచుకోదు. ఒకటి రెండు బుడగలైతే ఇంజన్ తడబడుతుంది, పికప్ పోతుంది. వరసగా వస్తే ఆగిపోతుంది.

లీక్ అంటే కారడమే అనుకుంటాం

అసలు చిక్కు ఇక్కడే ఉంది. లీక్ అనగానే మనం తడి కోసం వెతుకుతాం. పైపు కింద చెయ్యి పెట్టి తడుముతాం. తడి లేకపోతే లీక్ లేదు అనేస్తాం.

కానీ ఫీడ్ పంపుకి ముందు ఒక లోకం, తర్వాత ఒక లోకం. ఫీడ్ పంపు తర్వాత డీజిల్ ప్రెజర్‌లో ఉంటుంది, కాబట్టి అక్కడ లీక్ ఉంటే ఇంజన్ నడుస్తున్నప్పుడు బయటికి కారుతుంది, కంటికి కనిపిస్తుంది. ఫీడ్ పంపుకి ముందు, అంటే ట్యాంకు వైపు, పంపు డీజిల్‌ని పీలుస్తుంటుంది. స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగుతున్నప్పుడు స్ట్రాకి చిన్న చిల్లు ఉంటే నీళ్ళు కారవు, గాలి లోపలికి వస్తుంది. ఇదీ అంతే. పైపు పొడిగా, శుభ్రంగా ఉంటుంది, లోపలికి మాత్రం గాలి పోతూనే ఉంటుంది.

మరి పొద్దున్నే ఎందుకు ఎక్కువ తిప్పలు? ట్యాంకు కింద ఉంది, ఫీడ్ పంపు పైన ఉంది. రాత్రంతా బండి నిలబడితే ఆ సన్న చిల్లులోంచి గాలి మెల్లగా దూరి, పైపులో నిలిచిన డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. తెల్లారేసరికి పైపు ఖాళీ. చిల్లు ఇంకొంచెం పెద్దదైతే ఇంజన్ నడుస్తున్నప్పుడు కూడా ఇబ్బంది మొదలవుతుంది, అదీ ఎక్కువ డీజిల్ లాగే ఎక్కుడు మీద. మా బండి ఘాట్‌లో ఆగింది అందుకే.

నేను చేసిన తప్పు

శనివారం ఊరికి వెళ్ళాను. రెండు ఫిల్టర్లు మార్చాను, బ్యాంజో బోల్టుల రాగి వాషర్లన్నీ మార్చాను, రబ్బరు పైపు ముక్క మార్చాను, క్లిప్పులు బిగించాను. అన్నీ ఒకే రోజు. సాయంత్రం నాన్న ట్యాంకు ఫుల్ చేయించుకుని లోడుకి వెళ్ళారు. నాలుగు రోజులు బండి హాఫ్ సెల్ఫ్‌కి స్టార్ట్ అయింది. నేను హీరో. అయిదో రోజు పొద్దున మళ్ళీ ప్రైమర్.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు జూనియర్లకి నేనే చెప్పేవాణ్ణి, ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో తెలీదు అని. బండి దగ్గరికి వచ్చేసరికి నేనే మర్చిపోయాను.

ఇంకొక తప్పు కూడా ఉంది. పని మొదలుపెట్టిన రోజే నాన్న అన్నారు: "ట్యాంకు నిండా ఉన్నంతసేపు ఏమీ చెయ్యదురా. సగం కిందికి దిగితేనే ఈ గోల." నేనేమన్నానంటే, "ట్యాంకుకీ దీనికీ సంబంధం ఏంటి నాన్నా, నువ్వు ఊరుకో." ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

సగం చేసి వెతకడం

ట్యాంకు నుంచి మెయిన్ పంపు దాకా మా బండిలో జాయింట్లు, భాగాలు లెక్కపెడితే పన్నెండు వచ్చాయి. రోజుకొకటి చొప్పున పరీక్షిస్తే పన్నెండు రాత్రులు పట్టొచ్చు. అదే మధ్యలో తెంపి, తప్పు ఈ సగంలో ఉందా ఆ సగంలో ఉందా అని చూస్తూ పోతే నాలుగు రాత్రుల్లో తేలిపోవాలి. కోడ్ రాసేవాళ్ళకి గిట్ బైసెక్ట్ తెలిసే ఉంటుంది, ఇది అదే పద్ధతి.

కావాల్సింది ఒక శుభ్రమైన క్యాను, శుభ్రమైన డీజిల్, చీలికలు లేని కొత్త పైపు, ఇంకో జానెడు పారదర్శకమైన పైపు.

ముందు ఆ పారదర్శకమైన పైపుని ఫీడ్ పంపు ఇన్‌లెట్ దగ్గర పెట్టి ఇంజన్ నడిపాం. బుడగలు కనిపించాయి. అంటే గాలి ఫీడ్ పంపుకి ముందే వస్తోంది. ఒక జాగ్రత్త, మామూలు ప్లాస్టిక్ పైపు డీజిల్‌కి గట్టిపడి పగులుతుంది. పరీక్ష అవ్వగానే తీసెయ్యండి.

బుడగలు కనబడితే లీకే అని కూడా ఖాయం చేసుకోవద్దు. ట్యాంకులో జాలీకి మడ్డి పట్టినా, పైపు లోపల రబ్బరు పొర ఊడి అడ్డం పడినా, ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా పంపు మరీ గట్టిగా పీలుస్తుంది. అప్పుడు డీజిల్‌లో కరిగి ఉన్న గాలే బుడగలుగా బయటపడుతుంది. బండి తడబడుతున్నప్పుడు మూత తెరిచి చూడండి. బుస్సుమని గాలి లోపలికి వెళ్తే తప్పు మూతదే. మా బండికి అది లేదు.

మొదటి రాత్రి: ట్యాంకు లైను తీసేసి, క్యాను నుంచి నేరుగా ఫీడ్ పంపుకి పైపు ఇచ్చాం. ఎయిర్ తీసి, కాసేపు నడిపి, ఆపేసి పడుకున్నాం. పొద్దున సెల్ఫ్ ఇలా కొట్టగానే అందుకుంది. ఫీడ్ పంపు, దాని వాల్వులు, ప్రైమర్, ఫిల్టర్లు, మెయిన్ పంపు, ఇవన్నీ ఒక్క దెబ్బతో బయటపడ్డాయి. ముప్పై వేలు మిగిలింది అక్కడే.

ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. క్యానుని బానెట్ ఎత్తులో కట్టేస్తారు. అప్పుడు డీజిల్ తన బరువుతోనే కిందికి వస్తుంది, పీల్చే అవసరం ఉండదు, లీక్ దాక్కుంటుంది. మీటరు ఎత్తు డీజిల్ ఇచ్చే ప్రెజర్ 0.08 బార్ మాత్రమే అయినా, సన్న చిల్లుని దాచడానికి అది చాలు. క్యాను ట్యాంకు ఎత్తులోనే ఉండాలి.

రెండో రాత్రి: బండి లైన్లన్నీ మళ్ళీ మామూలుగా కలిపి, ట్యాంకు పైనున్న యూనియన్ దగ్గర మాత్రం విప్పి, అక్కడ క్యాను పైపు ఇచ్చాం. అంటే చాసిస్ లైను, జాయింట్లు, ప్రీ ఫిల్టర్ అన్నీ పరీక్షలో ఉన్నాయి, ట్యాంకు ఒక్కటే లేదు. పొద్దున మళ్ళీ హాఫ్ సెల్ఫ్.

ఇక మిగిలింది ట్యాంకే. నాన్న నా వైపు చూశారు, ఏమీ అనలేదు. అనాల్సింది మొదటి రోజే అన్నారు కదా.

దొరికింది

ట్యాంకులోకి దిగే పికప్ పైపు యూనిట్ విప్పి బయటికి తీశాం. కంటికి ఏమీ కనబడలేదు. కడిగి, కింది చివర మూసి, బకెట్టు నీళ్ళలో ముంచి, సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టాం. పైనుంచి జానెడు కింద, వంపు దగ్గర, వెంట్రుక మందాన పగులు. బుడగలు వరస కట్టి వచ్చాయి.

ఇప్పుడు లెక్క సరిపోయింది. ట్యాంకు నిండుగా ఉంటే ఆ పగులు డీజిల్‌లో మునిగి ఉంటుంది. పీల్చినా డీజిలే పీలుస్తుంది, గాలి రాదు. మట్టం పగులు కిందికి దిగితే గాలే. నా నాలుగు రోజుల హీరోయిజం కూడా అర్థమైంది. బాగుచేసింది నేను మార్చిన వాషర్లు కాదు, ఆ సాయంత్రం నాన్న కొట్టించిన ఫుల్ ట్యాంకు.

కొత్త యూనిట్ వేశాం. పాతదానికి అతుకు వేయించాలనుకుంటే పైపు బయటికి తీసి, పూర్తిగా కడిగాకే. ట్యాంకు మీద మాత్రం ఎవరు చెప్పినా వెల్డింగ్ పెట్టనివ్వకండి. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరికే పేలుతుంది.

మీ బండిలో ముందుగా చూడాల్సినవి

అన్ని బండ్లకీ పికప్ పైపే పోదు. తరచుగా పట్టుబడేవి ఇవి.

రాగి వాషర్లు: ఒకసారి నలిగినవి మళ్ళీ వేస్తే సరిగ్గా కూర్చోవు. కొత్తవి వేయండి. దారిలో దొరక్కపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే రాగి మళ్ళీ మెత్తబడుతుంది.

హ్యాండ్ ప్రైమర్: లోపలి రబ్బరు రింగు అరిగితే అక్కడి నుంచి గాలి పీలుస్తుంది. వాడాక పిడి పూర్తిగా బిగించండి.

ఫిల్టర్ గిన్నె రబ్బరు: పాత రబ్బరు గాడిలో అతుక్కుపోయి ఉండగానే దాని మీద కొత్తది వేసేస్తుంటారు. గాడి శుభ్రం చేశాకే కొత్తది వేయండి.

క్లిప్పుల దగ్గర రబ్బరు పైపు చివరలు: చీలిక ఉంటే ఎంత బిగించినా లాభం లేదు. ఆ ముక్క కోసెయ్యాలి, లేదా మార్చాలి.

బయటి జాయింట్లకి సబ్బు నీళ్ళ పరీక్ష కూడా ఉంది. లైనులోకి చాలా కొద్ది ప్రెజర్, 3 పీఎస్ఐ లోపే ఇచ్చి, జాయింట్ల మీద సబ్బు నురగ పూస్తే చిల్లు ఉన్నచోట బుడగ లేస్తుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ నేరుగా పెట్టొద్దు, ట్యాంకు ఉబ్బి పగిలిపోతుంది. మా బండి పగులు ట్యాంకు లోపలే ఉంది కాబట్టి, ఈ పరీక్ష చేసి ఉన్నా అది దొరికేది కాదు.

పని అయ్యాక ఎయిర్ తీయడం వరసలో చేయండి. ముందు ఫిల్టర్ పైనున్న స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా ప్రైమర్ కొట్టి బిగించండి. తర్వాత మెయిన్ పంపు స్క్రూ దగ్గర అదే పని. అప్పటికీ అందుకోకపోతేనే నాజిల్ నట్లు అర చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి. పది పదిహేను సెకన్లకి మించి కొట్టొద్దు, మధ్యలో సెల్ఫ్ మోటార్‌ని చల్లారనివ్వండి. నట్టుకి దగ్గరగా చెయ్యి పెట్టొద్దు, ఆ ప్రెజర్‌కి డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ నట్లు వదులు చేసే పని పాత మెకానికల్ పంపులకి మాత్రమే. కామన్ రైల్ బండ్లలో ప్రెజర్ 1000 బార్ దాటుతుంది, వాటి జోలికి అసలు పోవద్దు.

చివరిగా ఒక మాట. పంపు దింపమని ఎవరన్నా చెప్తే, ఒక్క రాత్రి క్యాను పరీక్ష చేశాకే దింపించండి. దానికంటే ముందు బండి నడిపే మనిషిని కూర్చోబెట్టి అడగండి. ఎప్పుడు ఆగుతుంది, ట్యాంకులో ఎంత ఉన్నప్పుడు, ఎక్కుడు మీదా దిగుడు మీదా అని. మేము సర్వర్ ఆగిపోతే ముందు లాగ్స్ చూసేవాళ్ళం. లారీకి లాగ్స్ డ్రైవర్ దగ్గరే ఉంటాయి. నేను నాన్నని ఊరుకోమన్నందుకు ఒక వారం, నాలుగు వేల సామాను పోయాయి.

ఎనిమిది నెలలైంది. ఇప్పుడు ట్యాంకు పావుకి దిగినా బండి హాఫ్ సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతోంది. అమ్మేద్దామన్న మాట నాన్న మళ్ళీ ఎత్తలేదు.

సరే అండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి. నమస్తే.