మీకు తెలుసా? ఆట బటన్‌కూ ఒక పేరుండాలి!

వామనగుంటల చెక్క ముందు కూర్చుంటే కళ్లతో పెద్దగా పనిలేదు. వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు, వాటిలో చింతపిక్కలు. వేళ్లు పెడితే ఎన్ని ఉన్నాయో తెలిసిపోతుంది. చూపు తగ్గిన నానమ్మ కూడా మనవరాలిని దర్జాగా ఓడించగల ఆట అది. ఇప్పుడు ఆటలు ఫోన్‌లోకి వచ్చేశాయి. ప్రభుత్వ సంస్థలు కూడా చరిత్ర, ఆరోగ్యం, రోడ్డు భద్రత వంటి విషయాలు చెప్పడానికి క్విజ్‌లు, గేమ్ యాప్‌లు తయారుచేయిస్తున్నాయి. కానీ నున్నటి అద్దం మీద వేలికి ఏ గుంటా తగలదు. అక్కడేముందో ఫోనే చెప్పాలి. అది చెప్పలేకపోతే, అందరి సొమ్ముతో తయారైన ఆట కొందరికి అందకుండా పోతుంది. అడ్డంకి ఎక్కడుందో, ఎలా తీసేయొచ్చో చూద్దాం.

ఆడుకోవడం కూడా హక్కే

దివ్యాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2006 డిసెంబరు 13న ఆమోదం పొందింది. మన దేశం 2007 అక్టోబరు 1న దాన్ని ధ్రువీకరించింది. అందులోని 30వ అధికరణం వినోదం, విశ్రాంతి, క్రీడల గురించే. దివ్యాంగులైన పిల్లలు మిగతా పిల్లలతో సమానంగా ఆటల్లో పాల్గొనేలా చూడాలని అది ప్రభుత్వాలకు చెబుతోంది. 2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు దాదాపు 2.68 కోట్ల మంది. ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22.66 లక్షల మంది. అప్పటి చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడే. 2016 చట్టంతో అవి 21 అయ్యాయి.

ప్రభుత్వమూ గేమ్‌లు విడుదల చేస్తుంది

స్వాతంత్ర్య పోరాట చరిత్రను పిల్లలకు దగ్గర చేయడానికి 2022 ఆగస్టులో కేంద్ర సమాచార ప్రసార శాఖ, జింగా ఇండియా సంస్థతో కలిసి ‘ఆజాదీ క్వెస్ట్’ పేరుతో మొబైల్ గేమ్‌లు తెచ్చింది. ప్రభుత్వ క్విజ్‌లలో గెలిచినవారికి ధ్రువపత్రాలు, బహుమతులు కూడా ఉంటాయి. బడిలో టీచరు “అందరూ ఈ క్విజ్ ఆడి సర్టిఫికెట్ తీసుకురండి” అన్నారనుకోండి. ఆ యాప్ పనిచేయని విద్యార్థికి పోయేది కాలక్షేపం ఒక్కటే కాదు, తరగతిలో తన చోటు కూడా. ప్రభుత్వ గేమ్ అంటే బస్సు, ఆసుపత్రి లాగే అదీ ఒక ప్రజాసేవ.

తెర నిండా బొమ్మలే... స్క్రీన్ రీడర్‌కు ఖాళీ పెట్టె

చూపులేనివారు ఫోన్ వాడేది స్క్రీన్ రీడర్ సాయంతో. ఆండ్రాయిడ్‌లో దాని పేరు టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్. తెర మీద వేలు పెట్టినచోట ఏముందో అది చదివి వినిపిస్తుంది. మామూలు యాప్‌లలో బటన్లు, పెట్టెలు ఫోన్ వ్యవస్థకు తెలిసినవే కాబట్టి అది చదవగలదు. గేమ్‌ల సంగతి వేరు. యూనిటీ వంటి గేమ్ ఇంజన్లు తెర మొత్తాన్ని తామే ఒక బొమ్మలా గీస్తాయి. తయారుచేసినవారు ప్రత్యేకంగా ఏర్పాటు చేయకపోతే, స్క్రీన్ రీడర్‌కు అదంతా ఒకే ఒక్క ఖాళీ పెట్టె. టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్‌లతో పనిచేసే సదుపాయం యూనిటీ ఇటీవలి వెర్షన్లలోనే వచ్చింది. దాన్ని వాడుకోవడమే తరువాయి.

‘బటన్... బటన్... బటన్’

స్క్రీన్ రీడర్‌కు అందే యాప్‌లలోనూ తరచుగా కనిపించే లోపం ఒకటుంది. అదే పేరు లేని బటన్. ఇంటి గుర్తు, స్పీకర్ గుర్తు, బాణం గుర్తు వంటివి చూసేవారికి ఇట్టే అర్థమవుతాయి. వాటి వెనుక ‘హోమ్’, ‘శబ్దం ఆపు’, ‘తర్వాతి ప్రశ్న’ అని రాయకపోతే, వినేవారికి వరుసగా ‘బటన్, బటన్, బటన్’ అనే వినిపిస్తుంది. ఏది నొక్కితే ఆట మొదలవుతుందో, ఏది నొక్కితే బయటికి పోతామో తెలియదు. దీన్ని సరిచేయడానికి ఒక్కో బటన్‌కు రెండు మూడు మాటల పేరు రాస్తే చాలు.

తెలుగు అక్షరం బొమ్మయితే మూగబోతుంది

మన భాషకు సంబంధించి ఇంకో చిక్కుంది. డీటీపీలో దశాబ్దాలుగా వాడుతున్న అను ఫాంట్లు, అన్ని పరికరాలూ గుర్తించే అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లో లేవు. వాటిలో టైప్ చేసిన తెలుగు, కంప్యూటర్ లోపల ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగాపులగంగా ఉంటుంది. స్క్రీన్ రీడర్‌కు ఇస్తే అర్థంలేని శబ్దాలు వస్తాయి. అక్షరాలు చెదిరిపోకుండా ఉండాలని ప్రశ్న మొత్తాన్ని బొమ్మగా మార్చి యాప్‌లో అతికిస్తే మరీ కష్టం, అప్పుడు ఆ శబ్దం కూడా రాదు. అదే ప్రశ్నను యూనికోడ్ తెలుగులో టైప్ చేస్తే ఫోన్ దాన్ని తెలుగులోనే చదివి వినిపించగలదు. అక్షరాలు పెద్దవి చేసుకోవాలనుకునే పెద్దవారికీ ఈ పద్ధతే మేలు.

ముప్పై సెకన్లు అందరికీ ఒకటి కావు

క్విజ్‌లో ఒక్కో ప్రశ్నకు 30 సెకన్లు ఇచ్చారనుకుందాం. ప్రశ్న చదివి వినిపించడానికి పది సెకన్లు, నాలుగు జవాబులకు మూడేసి సెకన్ల చొప్పున పన్నెండు. ఇక ఆలోచించి, సరైన జవాబు దగ్గరికి వేలు జరిపి, రెండుసార్లు తట్టడానికి మిగిలింది ఎనిమిది సెకన్లే. చేతులు వణికేవారికీ, నెమ్మదిగా చదివే డిస్లెక్సియా పిల్లలకూ ఇదే ఇబ్బంది. వెబ్, యాప్‌ల అందుబాటుకు అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ దీనికి దారి చూపింది. గడువును తీసేసే వీలైనా ఉండాలి, కనీసం పది రెట్ల వరకు పెంచుకునే వీలైనా ఉండాలి, లేదా అయిపోయే ముందు హెచ్చరించి పొడిగించుకోనివ్వాలి. గడువే ఆటకు ప్రాణమైన చోట మినహాయింపు ఉంది. రోడ్డు భద్రత నేర్పే క్విజ్‌కు గడువు ప్రాణం కాదు కదా!

ఎరుపు తప్పు, ఆకుపచ్చ ఒప్పు... రెండూ ఒకేలా కనిపిస్తే?

ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని వర్ణాంధత్వం ఆడవారికన్నా మగవారిలోనే ఎక్కువ. ఉత్తర ఐరోపా సంతతి మగవారిలో దాదాపు 8 శాతం మందికి ఇది ఉంది. రంగు ఒక్కదానితోనే విషయం చెప్పకూడదన్నది డబ్ల్యూసీఏజీలో తొలి స్థాయి నియమాల్లో ఒకటి. రంగు పక్కనే ఒక టిక్కు, ఒక ఇంటూ గుర్తు పెడితే సరిపోతుంది. మామూలు సైజు అక్షరానికీ, దాని వెనకున్న రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలన్నది మరో నియమం. లేత పసుపు మీద తెల్లటి అక్షరాలు ఎండలో నిలబడితే మంచి చూపున్నవారికీ కనిపించవు.

వీల్‌చైర్‌కు బిగించిన ఫోన్‌ను అడ్డంగా తిప్పేదెలా?

“ఫోన్‌ను అడ్డంగా తిప్పండి” అని చాలా గేమ్‌లు మొదట్లోనే అడుగుతాయి. ఫోన్‌ను వీల్‌చైర్ చేతికి బిగించుకున్నవారు తిప్పలేరు. అందుకే 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1, తప్పనిసరి అవసరం ఉంటే తప్ప తెరను ఒకే దిశకు కట్టిపడేయొద్దంది. ఫోన్‌ను ఊపితే జరిగే పనికి బటన్ కూడా ఉండాలంది. 2023 అక్టోబరులో వచ్చిన 2.2, వేలితో లాగి వదిలే పనులను తట్టి కూడా చేయగలగాలని చెప్పింది. ఇక బటన్ సైజు అంటారా? దాదాపు 9 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలన్నది ఆండ్రాయిడ్ సలహా.

మెరుపులు ప్రమాదం తేగలవు

1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ ఎపిసోడ్ ఒకటి ప్రసారమైంది. ఎరుపు, నీలం మెరుపులు వేగంగా మారిన ఆ కొద్ది సెకన్ల దృశ్యం చూసి దాదాపు 685 మంది ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. సెకనుకు మూడుకు మించి మెరుపులు ఉండకూడదని డబ్ల్యూసీఏజీ అంటోంది. గెలిచినప్పుడు తెర అంతా తళతళలాడించే ముందు, మూర్ఛ ఉన్న బిడ్డ కూడా ఆ ఆట ఆడుతుందని గుర్తుంచుకోవాలి.

ఐరోపాలో లోపాలను బయటపెట్టడం చట్టం

ఐరోపా సమాఖ్య 2016లో ప్రభుత్వ రంగ వెబ్‌సైట్లు, యాప్‌ల కోసం ఒక ఆదేశం తెచ్చింది. యాప్‌లకు అది 2021 జూన్ 23 నుంచి వర్తిస్తోంది. దాని ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన యాప్‌కు ఒక యాక్సెసిబిలిటీ ప్రకటన ఇవ్వాలి. ఏ భాగం దివ్యాంగులకు అందడం లేదో, ఎందుకు అందడం లేదో అందులో రాయాలి. ఎవరైనా ఇబ్బంది పడితే చెప్పుకునే దారి కూడా చూపాలి. బ్రిటన్‌లోనూ 2018 నుంచి ఇలాంటి నిబంధనలే ఉన్నాయి. లోపం రాతలోకి ఎక్కితే సరిదిద్దమని అడిగే హక్కు పౌరుడి చేతికి వస్తుంది.

మన దగ్గరా నియమాలకు లోటు లేదు

ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు మన దేశంలో 2009లోనే వచ్చాయి. 2023 నాటి మూడో కూర్పు యాప్‌లకూ వర్తిస్తుంది. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802 పేరుతో ప్రత్యేక ప్రమాణమే రూపొందించింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, అందుబాటు నియమాలు సలహాలుగా మిగిలిపోకూడదని, వాటిని తప్పనిసరి చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న మరో అడుగు ముందుకేసి, డిజిటల్ సేవలను అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. ఆన్‌లైన్‌లో కంటిరెప్ప ఆర్పితేనే గుర్తింపు పూర్తయ్యే విధానంతో యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు పడిన అవస్థే ఆ తీర్పుకు దారితీసింది.

చూపు లేకుండానే ఆడొచ్చు, గెలవొచ్చు

1997లోనే జపాన్‌లో బొమ్మలే లేని, పూర్తిగా శబ్దంతో నడిచే వీడియో గేమ్ ‘రియల్ సౌండ్’ వచ్చింది. 2020లో వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’లో 60కి పైగా యాక్సెసిబిలిటీ సెట్టింగులున్నాయి. అంధులు సైతం ఆ ఆటను చివరిదాకా ఆడారు. మైదానం సంగతి చూస్తే, అంధుల క్రికెట్‌లో బంతి లోపల ఇనుప గోళీలు గలగలమంటాయి. ఆ శబ్దం విని బ్యాట్ ఊపుతారు. ఆ ఆటలో భారత జట్టుకు సారథ్యం వహించిన ఆంధ్రప్రదేశ్ క్రీడాకారుడు ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి అర్జున పురస్కారం అందుకున్నారు. 2025 నవంబరులో కొలంబోలో ఫైనల్ జరిగిన అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్‌ను మన అమ్మాయిలే గెలిచారు. బంతిలో నాలుగు గోళీలు వేస్తే ఒక ప్రపంచమే తెరుచుకుంది. యాప్‌లో బటన్‌కు పేరు పెట్టడం అంతకన్నా కష్టమేమీ కాదు.

ఈ రోజే మీరూ పరీక్షించండి

మీ ఫోన్ సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. ఒకసారి తట్టితే చదువుతుంది, రెండుసార్లు తట్టితే తెరుస్తుంది. కళ్లు మూసుకుని ఏదైనా ప్రభుత్వ క్విజ్ యాప్‌లో ఒక్క ప్రశ్నకు జవాబివ్వండి. ఎక్కడ ఆగిపోయారో, ఏ బటన్‌కు పేరు లేదో యాప్ స్టోర్ రివ్యూలో స్పష్టంగా రాయండి. ఆ శాఖకు మెయిల్ పెట్టండి. రాష్ట్ర ప్రభుత్వ యాప్ విషయంలో స్పందన లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఆ లోపం మిమ్మల్ని ఆపకపోవచ్చు, కానీ మీ పక్కింటి బిడ్డను ఆపుతోంది. ఆ బిడ్డ కోసం ఓ రెండు వాక్యాలు రాయండి.