మంచుకొండలకు మోటారు ప్రయాణము

హిమాచలప్రదేశమునందలి మనాలీ పట్టణమునకు ఉత్తరమున రోహ్తాంగ్ కనుమ యున్నది. దాని యెత్తు ఇంచుమించు 13,000 అడుగులు. శీతకాలమున నా కనుమ మంచుచే మూసికొనిపోవుటవలన, దాని కావలనున్న లాహౌల్ లోయవారు ఏటేట నెలల తరబడి బయటిలోకముతో రాకపోకలు లేక యుండెడివారు. 2020వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన ఆ కొండక్రింద 9 కిలోమీటర్ల పొడవుగల అటల్ సొరంగమును తెఱచిరి. నాటినుండి శీతకాలమందును కార్లు లాహౌల్‌కు పోవుచున్నవి. మంచు చూడవలెనను వేడుకతో తెలుగుదేశమునుండి సొంతకారులో బిడ్డలతో బయలుదేరు కుటుంబములును గలవు.

దారి సుగమమైనంతమాత్రమున చలి తగ్గినదని తలపరాదు. సొరంగపు రెండు ముఖములును 10,000 అడుగుల యెత్తుననే యున్నవి. జనవరి రాత్రులందు ఆ లోయలో ఉష్ణము సున్నకు దిగువ పది డిగ్రీలకు పడిపోవుట వింత గాదు. మన కారన్ననో, పుట్టినది మొదలు ఎండలో తిరిగినదే. దానికి చలి యెట్టిదో తెలియదు, నడుపువారికిని తెలియదు.

2022 జనవరిలో పాకిస్తానునందలి మర్రీ యను కొండపట్టణమున, మంచు చూడవచ్చిన వేలకొలది కార్లు ఒక్క రాత్రి హిమపాతమున చిక్కుకొనెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో పసిపిల్లలును గలరు. కొందఱు చలిచేతను, కొందఱు మూసిన కారులో చేరిన విషవాయువుచేతను ప్రాణములు గోల్పోయిరని చెప్పబడినది. మర్రీ లాహౌల్ అంత యెత్తైనదియు గాదు. వారి కార్లు చెడిపోయినవియు గావు, కదలలేక నిలిచిపోయినవి. సోదరీమణులు గ్రహింపవలసిన దిదియే. మంచుకొండలకు కారును సిద్ధపఱచుటయనగా అది చక్కగా నడుచునట్లు చేయుట మాత్రమే గాదు. నడువలేక నిలిచిపోయినచో ఒక రాత్రి లోనివారిని కాపాడునట్లు చేయుట. ఇందు సగము పని మెకానిక్కుది, సగము గృహిణిది.

ఇంజనులోని నీరు

నీరు గడ్డకట్టునప్పుడు నూటికి తొమ్మిదివంతులు ఉబ్బును. రేడియేటరులో వట్టి నీరున్నచో ఆ యుబ్బునకు గొట్టములు పగులును. ఇంజను దిమ్మయే చీలవచ్చును. మన ప్రాంతమున వేసవిలో నీరు తఱిగినప్పుడెల్ల కుళాయినీరు పోయించుట కొందఱి యలవాటు. అట్టి కారును బయలుదేరుటకు ముందే మెకానిక్కునకు చూపి, పాతనీరు తీసివేయించి, క్రొత్త కూలెంటు పోయించవలెను. గ్లైకాలును నీటిని సమభాగములుగా కలిపినచో సున్నకు దిగువ 35 డిగ్రీలవఱకు గడ్డకట్టదు. అచ్చముగా గ్లైకాలునే పోసిన మఱింత మేలని తలచుట పొరపాటు. అది యొంటరిగా సున్నకు దిగువ 13 డిగ్రీలకే గట్టిపడును. ముందే నీరు కలిపి అమ్ము కూలెంటులో మరల నీరు కలుపరాదు. గ్లైకాలు తియ్యగా నుండును గాని విషము. మిగిలిన డబ్బాను పిల్లల కందనిచోట నుంచవలెను. అద్దము కడుగు నీటి తొట్టిలోను గడ్డకట్టని ద్రవమునే పోయించవలెను.

బ్యాటరీయు, ఇంధనమును

చలిలో బ్యాటరీ శక్తి తగ్గును. అదే సమయమున ఇంజను నూనె చిక్కబడి, ఇంజనును త్రిప్పుటకు ఎక్కువ శక్తి కావలసివచ్చును. కావున ఇంటివద్ద నీరసముగా నైనను పనిచేయు బ్యాటరీ కొండమీద తెల్లవారుజామున పలుకకపోవచ్చును. నిండుగా నున్న బ్యాటరీ నిలుకడగా 12.6 వోల్టులు చూపును. నాలుగేండ్లు దాటినదైనచో మార్పించుట మేలు. ఇంజను నూనెయు చలికి తగిన రకమేనా యని యడుగవలెను. విద్యుత్తుతో నడుచు కార్లు చలిలో తక్కువ దూరమే పోవునని గుర్తుంచుకొనవలెను.

డీజిలులో మైనము వంటి పదార్థము కలదు. అది చలికి పేరుకొని, వడపోత గొట్టమును మూసివేయును. సున్నకు దిగువ 33 డిగ్రీలవఱకు పేరుకొనని డీజిలును ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో ఎత్తైన శీతలప్రదేశములకై విడుదల చేసినది. మైదానమున తొట్టి నింపుకొని రాక, కొండలలో శీతకాలపు డీజిలు దొరకునా యని విచారించి పోయించుకొనవలెను. ఏ యింధనమైనను, కొండలలో తొట్టి సగముకంటె తగ్గనీయరాదు.

చక్రములు, గొలుసులు

అరిగిన టైర్లతో మంచుమీద నడుచుట, నూనె చిందిన గచ్చుమీద పరుగెత్తుట వంటిది. చలికి టైరులోని గాలి ఒత్తిడి తగ్గును. ఎత్తునకు పోయినకొలది కొలతలో కొంత పెరిగినట్లు కనబడును. ఇంటివద్ద కొలిచిన లెక్కను నమ్మక, అచ్చటనే ఉదయమున, కారు కదలకమునుపే కొలిపించవలెను.

మంచు దట్టముగా నున్నప్పుడు చక్రములకు ఇనుపగొలుసులు కట్టుదురు. అవి మనాలీలో అద్దెకు దొరకును. ఇంజను ఏ చక్రములను త్రిప్పునో వానికే కట్టవలెను. మన చిన్నకార్లలో పెక్కింటికి అవి ముందుచక్రములు. కట్టుట నొకమాఱు పగటివేళ, బల్లపఱుపు నేలమీద నేర్చుకొనవలెను. కట్టిన పిమ్మట మెల్లగా పోవలెను. మంచులేని రోడ్డు రాగానే విప్పవలెను. దిగుడుదారిలో బ్రేకునే నమ్మక చిన్నగేరులో దిగవలెను. నీడపడు మలుపులందును వంతెనలమీదను కంటికి కనబడని పలుచని మంచుపొర యుండునని యెఱుగవలెను.

గృహిణి సర్దవలసిన సామగ్రి

ఇంటిల్లిపాదికి మనిషి కొక ఉన్నికంబళి, మేజోళ్లు, చేతితొడుగులు రెండేసి జతలు, టార్చిలైటు, మంచు త్రవ్వుటకు పార, చక్రములక్రింద చల్లుటకు ఇసుక సంచి, లాగుటకు మోకు, ఇంకొక కారు బ్యాటరీనుండి శక్తి తీసికొను తీగలు. ఇవన్నియు మంచముక్రింది పెట్టెలో వలె అడుగున గాక, చేతి కందునట్లు సర్దవలెను. వేరుసెనగ ఉండలు, ఖర్జూరము, వేయించిన సెనగలు చలికి చెడవు. నీటిసీసాలను మెడవఱకు నింపక ముప్పాతిక నింపి, కంబళిలో చుట్టి యుంచవలెను. వేడినీటి ఫ్లాస్కు, పసిబిడ్డ పాలపొడి, నిత్యము వాడు మందులు, స్త్రీలకు కావలసిన గుడ్డలు ఒక్కరోజున కెక్కువగా నుండవలెను. బిడ్డలకు దళసరి కోటుపై సీటుబెల్టు కట్టిన వదులై పట్టు నిలువదు. కోటు విప్పి బెల్టు కట్టి, పైన కంబళి కప్పవలెను. మనాలీలో ఒకటి రెండు రాత్రులు నిలిచి పైకి పోయినచో తలనొప్పి, వాంతులు తక్కువగా నుండును.

కారు చిక్కుకొన్నప్పుడు

కారు విడిచి మంచులో నడచిపోరాదు. ముందుగా దిగి, వెనుక పొగగొట్టము చుట్టునున్న మంచును త్రవ్వివేయవలెను. గొట్టము మూసికొన్నచో పొగ కారులోనికే వచ్చును. అందలి కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తమున చేరి ప్రాణవాయువును అందనీయదు. తలనొప్పి, మగత తోచుసరికే ఆలస్యమగును. గంట కొక పదినిమిషములు మాత్రము ఇంజను నడిపి, ఆ సేపు గాలి వీచని వైపు అద్దము కొంచెము దించి యుంచవలెను. అందఱును ఒక్కమాఱే నిద్రింపరాదు. ఇంజను నడపునప్పుడెల్ల పొగగొట్టము నొకమాఱు చూచి రావలెను. బొగ్గుల కుంపటిని కారులో గాని, బసచేసిన మూసినగదిలో గాని యెన్నడును పెట్టుకొనరాదు. దానినుండియు నీ విషమే పుట్టును.

బసచేరిన రాత్రి, తడిసిన చేతిబ్రేకు గడ్డకట్టి పట్టుకొనవచ్చును. సమతలమున నిలిపి, గేరులో నుంచి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. వైపర్లను అద్దమునుండి ఎత్తి యుంచవలెను. ఉదయమున మంచు పట్టిన అద్దముపై వేడినీరు పోసిన పగులును.

బయలుదేరుటకు ముందు

ప్రతి యుదయమును పోలీసువారి ప్రకటన తెలిసికొని, పగటివేళనే ప్రయాణము ముగించునట్లు బయలుదేరవలెను. హిమపాత మధికమైనప్పుడు నాలుగుచక్రములును ఇంజనుచే తిరుగు బండ్లను, గొలుసులు కట్టిన బండ్లను మాత్రమే పోనిత్తురు. ఒక్కొక్కప్పుడు వానినిగూడ నాపుదురు. వారితో వాదించి పోగోరుట తగదు. బస కిచ్చిన సొమ్ము పోవుననియు, బిడ్డలు చిన్నబుచ్చుకొందురనియు మగవారు తొందరపడుట కలదు. అట్టి సమయమున “నేడు పోవలదు” అని గృహిణి చెప్పినచో దానిని పిఱికితనమని యెంచరాదు. ఆ మాట నిర్భయముగా చెప్పగలుగుటకే పైవిషయములన్నియు తెలిసియుండవలెను. కొండ యెక్కడికిని పోదు. ఒక దినము మనాలీలో వేడిగా టీ త్రాగుచు కూర్చుండి, మబ్బు విడిచినపిదప పోయిన కుటుంబము మంచును చూచియే తిరిగివచ్చును.