దొబ్రీ దెన్! చెక్ భాషలో పలకరిద్దాం

మన బోరబండ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలెక్కి లింగంపల్లిలో దిగితే రామచంద్రాపురం దగ్గరే. అక్కడి బీహెచ్‌ఈఎల్ కర్మాగారం 1960వ దశకంలో చెకోస్లోవాకియా సాంకేతిక సహకారంతో ఏర్పడింది. ఆ దేశం 1993లో చెక్, స్లొవాక్ దేశాలుగా విడిపోయింది. బాటా చెప్పులు, జావా మోటారు సైకిలు, స్కోడా కారు పుట్టింది చెక్ గడ్డ మీదే. 'రోబో' అనే మాటకు మూలమైన 'రోబోట్'ను 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత తన నాటకంలో వాడాడు. చెక్‌లో 'రొబొత' అంటే వెట్టిచాకిరి. మన తాతలకు ఆ సంగతి బాగా తెలుసు, మాట ఒక్కటే వేరు.

కొత్త భాష అనగానే మనకు నోరు తిరగదని వెనకడుగు వేస్తాం. ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి కావడం వల్ల పట్టుకున్న భయం ఇది. చెక్‌లో ఆ బాధ తక్కువ. తెలుగులాగే దాదాపు రాసింది రాసినట్టు చదవవచ్చు.

పలికే పద్ధతి

మొదటిది, హ్రస్వ దీర్ఘాలు. అచ్చు మీద ఏటవాలు గీత ఉంటే దీర్ఘం. 'దల్' అంటే ఇచ్చాడు, 'దాల్' అంటే ఇంకా ముందుకు. బడి, బాడి తేడా తెలిసిన మనకు ఇది కొత్త కాదు.

రెండోది, ఊనిక ఎప్పుడూ మొదటి అక్షరం మీదే.

మూడోది, హల్లులు. ట, డ కాకుండా త, ద పలకాలి. 'జె' అక్షరాన్ని 'య' అనాలి. అందుకే అక్కడ జావా బండి 'యవ' అవుతుంది. 'సి' అంటే 'త్స'. మన పెద్దవాళ్లు చలి, చుక్క అనేటప్పుడు వినిపించే శబ్దానికి దగ్గర. దాని మీద చిన్న టోపీ పెడితే 'చ'. 'ఎస్' మీద టోపీ పెడితే 'ష'. అందుకే స్కోడా కాదు, 'ష్కొద'. 'సిహెచ్' అంటే ఉర్దూలో 'ఖబర్' అన్నప్పటి గొంతు శబ్దం. మన గల్లీల్లో రోజూ వినేదే.

నాలుగోది, అచ్చు లేని మాటలు. వేలిని 'పృస్త్' అంటారు. ఇక్కడ 'ర'యే అచ్చు పని చేస్తుంది. మనం పుస్తకాల్లో చూసే ఋ అసలు ఇలాంటిదే. తోడేలును 'వ్ల్క్' అంటారు. సంస్కృతంలో 'వృక' దీనికి చుట్టమే.

కష్టమైనది ఒక్కటి, టోపీ పెట్టిన 'ఆర్'. నాలుకతో 'ర' ఆడిస్తూనే 'ష' లాంటి గాలి వదలాలి. చెక్ పిల్లలకే అది అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. కాబట్టి తొందర లేదు.

రోజువారీ మాటలు

దొబ్రే రానొ – శుభోదయం
దొబ్రీ దెన్ – నమస్కారం (పగలు)
దొబ్రీ వెచెర్ – నమస్కారం (సాయంత్రం)
దొబ్రొఉ నొత్స్ – శుభరాత్రి
అహొయ్ – స్నేహితులు కలిసినా, విడిపోయినా
నస్ఖ్లెదనొఉ – వెళ్లొస్తాను
ద్యెకుయి – ధన్యవాదాలు
ప్రొసీమ్ – దయచేసి, పరవాలేదు
అనొ – అవును
నె – కాదు
మెనుయి సె... – నా పేరు...

మనకు 'మీరు', 'నువ్వు' ఉన్నట్టే వాళ్లకూ ఉన్నాయి. పెద్దలను 'యక్ సె మాతె?' (ఎలా ఉన్నారు?) అనాలి. మిత్రుణ్ణి 'యక్ సె మాష్?' (ఎలా ఉన్నావు?) అనవచ్చు. వార్డెన్ గారిని 'అహొయ్' అనకూడదు!

ఎందుకు నేర్చుకోవాలి?

చెక్ దేశంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చెక్ భాషలో చదివే కోర్సులకు, నిర్ణీత గడువులో పూర్తిచేస్తే, ఏ దేశస్థులకైనా ట్యూషన్ ఫీజు లేదు. 1348లో స్థాపించిన ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయం అందులో ఒకటి. ఇంగ్లీషులో చదివితే ఫీజు కట్టాలి. అక్కడ ఉండటానికి, తినడానికి ఖర్చు ఎలాగూ ఉంటుంది. భాష బాగా వచ్చని నిరూపించుకోవాలి. ఈ కొన్ని మాటలు అందుకు చాలవు. కాని డబ్బు లేనివాడికి భాషే తలుపు తీసే చోటు ఒకటుందని తెలియడం మంచిది.

ఇంట్లో ఒక యాస, గల్లీలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు మాట్లాడే హాస్టల్ పిల్లలం మనం. నోరు తిరగదని మనల్ని ఎవరన్నా నమ్మనక్కర లేదు. ఈ వార్షికోత్సవానికి వచ్చే పాత విద్యార్థులను గేటు దగ్గరే 'దొబ్రీ వెచెర్' అని పలకరిద్దాం. అర్థం కాక నిలబడిపోతే ఈ పేజీ చూపిద్దాం.