మీకు తెలుసా? నాలుగు ప్రశ్నల్లో దోమ జాతకం!

దోమను పట్టుకుంటే అది ఏ రకమో తేల్చడానికి కీటక శాస్త్రజ్ఞుల దగ్గర ఓ ప్రశ్నల చిట్టా ఉంటుంది. పేరు డైకాటమస్ కీ. ప్రతి ప్రశ్నకూ రెండే జవాబులు. ఎంచుకున్న జవాబే తర్వాతి ప్రశ్నకు దారి చూపుతుంది.

మన ఇళ్లలో మామూలుగా కనిపించే దోమలనే తీసుకోండి. ముందు మీసాలు చూడాలి. కుచ్చులా గుబురుగా ఉంటే మగది. అది కుట్టదు, వదిలేయొచ్చు. పలచగా ఉంటే ఆడది. ఇక తొండానికి అటూ ఇటూ ఉండే పాల్ప్‌లను భూతద్దంలో చూడాలి. తొండమంత పొడవుంటే అనాఫిలిస్, మలేరియాను మోసేది ఇదే. పొట్టిగా ఉంటే? పొట్ట కొస సూదిగా ఉన్నది ఏడిస్, మొద్దుగా ఉన్నది క్యూలెక్స్. ఏడిస్‌లోనూ వీపు నడిమధ్య ఒకే తెల్లగీత ఉంటే ఆల్బోపిక్టస్, ఇరుపక్కలా వంపు గీతలుంటే ఈజిప్టి. డెంగీని రెండూ అంటించగలవు!

ఇలాంటి పది ప్రశ్నలతో 1,024 జీవుల దాకా విడదీయొచ్చు.

ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది 1778 నాటి లామార్క్ ఫ్రెంచి మొక్కల గ్రంథం. 1897లో సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్‌కు మాత్రం ఆ దోమ శాస్త్రీయ నామం తెలియదు. రెక్కల మీద మచ్చలున్న దోమ అనే రాసుకున్నాడు.