గాజుతొట్టిలో పైనీటికి ఏ చేప?

చెరువులో బొచ్చె పైన, శీలావతి నడుమ, మోసు అడుగున మేస్తాయి. ఇంట్లో గాజుతొట్టికీ అదే లెక్క.

అమెజాన్ నదికి చెందిన ఏంజెల్ చేప సిచ్లిడ్ కుటుంబంలోనిది. దాని రెక్కలు పైకీ కిందికీ సాగి ఉంటాయి కనుక ఎత్తయిన తొట్టి కావాలి. అది ఎక్కువగా నడినీటిలోనే తిరుగుతుంది. పైనీరు వెలితిగా ఉందని బావిలోని దోమచేప గంబూసియాను తెచ్చి వేస్తే ముప్పే. అది ఏంజెల్ రెక్కలు కొరికేస్తుంది. గప్పీ పిల్లలు వేస్తే ఏంజెల్ నోట్లోకే పోతాయి.

దక్షిణ అమెరికాదే అయిన హ్యాచెట్ చేప పైనీటిని వదలదు, సాధువు. ఏంజెల్ నోటికి పట్టనంత పెరిగినవి ఆరు చూసి, గుంపుగా వదలాలి. 25-27 డిగ్రీల నీరు రెంటికీ సరిపోతుంది. అయితే ఇది ఎగిరే చేప. రాత్రి మూత మరిస్తే తెల్లవారేసరికి నేలమీద ఉంటుంది.