క్లైమాక్స్ మీ చెల్లాయికి వదిలెయ్యండి!

సినిమా చూసొచ్చిన పిల్లల్ని ఎప్పుడైనా గమనించారా? హాలు మెట్లు దిగుతూనే కథ మొదలెడతారు. హీరో కొట్టిన దెబ్బలు పదయితే, ఇల్లు చేరేసరికి అవి ముప్ఫై అవుతాయి. విలన్ మీసం జానెడు పెరుగుతుంది. డైరెక్టరు తియ్యని సీనొకటి మధ్యలో వచ్చి కూచుంటుంది! అప్పుడు మనమేం చేస్తాం? "ఊరుకోవే, సినిమాలో అలా ఎక్కడుంది?" అంటాం. అంతే, కథ అక్కడితో సరి.

కానీ ఆ లేని సీను ఎవరిది? అచ్చంగా ఆ పిల్లదే కదా! దాన్ని కాగితం మీద పెట్టిస్తే ఎలా ఉంటుంది?

పధ్నాలుగేళ్ళ రచయిత

ముళ్ళపూడి వెంకటరమణ గారి సంగతే తీసుకోండి. 'సాక్షి' (1967), 'ముత్యాలముగ్గు' (1975) సినిమాలు రాసిన ఆయన మొదటి కథ 1945లో 'బాల' పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు పధ్నాలుగేళ్ళు! మద్రాసులో ఆ పత్రిక నడిపింది రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు. బాపు గారి బొమ్మలకీ శ్రీకారం అందులోనే. ఆ ఉత్సాహంతో కుర్రాళ్ళు 'ఉదయభాను' అని సొంత పత్రికే పెట్టేశారు. సంపాదకుడు రమణ, చిత్రకారుడు బాపు, అచ్చు సైక్లోస్టయిల్ మిషన్ మీద! తాము రాసింది ఇంకొకరు చదువుతారన్న ధీమా ఆ వయసులోనే దొరికింది వాళ్ళకి.

అందరి పిల్లలూ రమణలు కానక్కర్లేదు. కానీ ఆ ధీమా మాత్రం ఏ పిల్లకైనా ఇవ్వచ్చు. పైసా ఖర్చు లేదు.

పింగళి వారి ఆట

మా అక్క కూతురికి తొమ్మిదేళ్ళు. నోరు తెరిస్తే కథలే. రాయమంటే మాత్రం పెన్సిలు కదలదు. కారణం ఏమిటా అని చూస్తే, స్కూల్లో 'నేను చూసిన సినిమా' అని రాయమన్నారట. రెండు పేజీలు రాసింది. పేజీ నిండా ఎర్ర సున్నాలు చుట్టి ఇచ్చారు. ఒత్తులు తప్పు, దీర్ఘాలు తప్పు. కథ ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత అది గైడులో ఉన్నది తప్ప సొంతంగా వాక్యం రాస్తే ఒట్టు!

ఓ ఆదివారం దాన్ని కూచోబెట్టుకుని 'మాయాబజార్' (1957) చూశాను. పింగళి నాగేంద్రరావు గారు అందులో మాటల్ని ఎలా పుట్టించారో మీకు తెలుసు. కంబళికి గింబళి, తల్పానికి గిల్పం, అస్మదీయులు కాస్తా అసమదీయులు! పిల్ల పడీపడీ నవ్వింది. "మనమూ పుట్టిద్దామా?" అన్నాను. అయిదు నిమిషాల్లో మా ఇంట్లో చపాతీకి గిపాతీ, మామయ్యకి గిమయ్య తయారు. "ఇవన్నీ మర్చిపోతాం, రాసి పెట్టవే" అన్నాను. పెన్సిలు కదిలింది!

ఆ పైన 'ప్రియదర్శిని' పెట్టె. తెరిచినవాళ్ళకి తమకి ప్రియమైనది కనిపించే పెట్టె అది. శశిరేఖకి అభిమన్యుడు, కృష్ణుడికి శకుని! "ఆ పెట్టె మనింట్లో ఉంటే ఎవరికి ఏం కనిపిస్తుంది? రాయి చూద్దాం" అని నేను పక్క గదిలోకి వెళ్ళిపోయాను. పక్కనే కూచుంటే రాయరండీ!

అరగంట తర్వాత కాగితం తెచ్చి వాళ్ళమ్మకిచ్చింది. అమ్మమ్మకి చనిపోయిన తాతయ్య కనిపించాడు. నాకు సినిమా టిక్కెట్లు కనిపించాయి. వాళ్ళ నాన్న దుబాయిలో ఉద్యోగం. అమ్మకి నాన్న కనిపించాడు. చివర ఇలా రాసింది: "నాకూ నాన్నే. నాన్న పెట్టె తెరిస్తే ఎవరు కనిపిస్తారో నాకు తెలీదు. అడగాలి."

'ప్రియదర్శిని' కాస్తా 'పిరియదరిశిని' అయింది. అక్క దిద్దలేదు. రెండుసార్లు చదువుకుంది. ఆ రాత్రి ఫోన్లో పిల్ల చేతే చదివించింది. అవతల బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకోసారి చదువమ్మా" అన్నాడు.

రోజూ ఫోన్లో మాట్లాడుకునే తండ్రీకూతుళ్ళే. అయినా ఆ ప్రశ్న నోటితో అడగడం రాలేదు పిల్లకి. కాగితం మీద వచ్చింది.

మీరేం చెయ్యచ్చు?

మొదటాట చూసే మీకు చెప్పాలా! ఇంటర్వెల్ దాకా కథ మీరు చెప్పండి. మిగతాది తమ్ముణ్ణో చెల్లాయినో రాయమనండి. లేదా విలన్ చేత కథ చెప్పించండి. విలన్‌కీ ఓ అమ్మ ఉంటుంది కదా, ఆవిడ కొడుక్కి ఉత్తరం రాస్తే? మరీ చిన్నవాళ్ళయితే వాళ్ళు చెబుతూంటే మీరే రాసిపెట్టండి.

'చందమామ'లో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది, మీ అమ్మగారికి గుర్తుండే ఉంటుంది. 1947లో ఆ పత్రిక పెట్టినవాళ్ళు ఎవరనుకున్నారు? 'మాయాబజార్' తీసిన నాగిరెడ్డి–చక్రపాణి గార్లే! ఇప్పుడు ఆ పత్రిక రావడం లేదు. పోటీ మాత్రం మీరు నడపచ్చు. మీ ఫోన్లో ఉన్న ఫోటోలు రెండు చూపించి, వాటికి ప్రాస కుదిరే వ్యాఖ్యలు రాయించండి.

ఒక్క షరతు. ఎర్ర పెన్ను ముట్టుకోకండి. ఒత్తులూ దీర్ఘాలూ చదవగా చదవగా అవే కుదురుతాయి. "తర్వాత ఏమైంది?" అని మాత్రం తప్పకుండా అడగండి. ఏ రచయితకైనా అంతకు మించిన పారితోషికం ఏముంది? బాగా నచ్చితే వంటింటి తలుపు మీద అంటించి, 'నేడే విడుదల' అని పైన రాసెయ్యండి. అడ్వాన్స్ బుకింగు మీదే!